తెల్లబట్ట, స్మెగ్మా, ధాతువు: ఏ వయసులో ఏది మామూలు, ఎంతవరకు కడగాలి

వారం నిండని పసిపాప లంగోటీలో తెల్లటి జిగట. ఆరేళ్ళ పిల్ల డ్రాయరు మీద పచ్చటి మరక. పదకొండేళ్ళ అమ్మాయికి కొన్ని నెలలుగా తెల్లబట్ట. అరవై దాటినావిడకు ఉన్నట్టుండి నీళ్ళలా కారడం. బట్ట మీద చూస్తే నాలుగూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. కానీ మొదటిదానికీ మూడోదానికీ చేయాల్సిందేమీ లేదు. రెండోదానికి కారణం చాలాసార్లు ఇంట్లోనే దొరుకుతుంది. నాలుగోదాన్ని మాత్రం వాయిదా వేయకూడదు. అందుకే డాక్టరు రంగు కంటే ముందు వయసు అడుగుతారు.

ఆడవాళ్ళలో ఈ తేడాలకు ముఖ్యకారణం ఈస్ట్రోజెన్ హార్మోను. అది ఉన్నంతకాలం యోని లోపలి పొర మందంగా ఉంటుంది, ఆ కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం పోగవుతుంది. పొర పైనుంచి కణాలు రాలుతూ ఉంటాయి. అక్కడే కాపురముండే లాక్టోబాసిల్లస్ జాతి బాక్టీరియా ఆ పిండిపదార్థాన్ని వాడుకుని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పాలు తోడుకుని పెరుగు అయ్యేటప్పుడు జరిగేదీ ఇలాంటి పనే. జర్మనీ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్‌లైన్ 1892లోనే ఈ బాక్టీరియాను వర్ణించాడు. వీటివల్ల యోనిలో పీహెచ్ (పులుపును కొలిచే అంకె; 7 కంటే తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ క్షారం) 3.8 నుంచి 4.5 మధ్య నిలుస్తుంది. ఆ పులుపులో మిగతా క్రిములు చాలావరకు పెరగలేవు. ఈస్ట్రోజెన్ లేనప్పుడు పొర పలచబడుతుంది, గ్లైకోజెన్ ఉండదు, పీహెచ్ 7 దగ్గరకు చేరుతుంది. చిన్నపిల్లల్లో, ముట్లుడిగినవాళ్ళలో ఉండేది ఈ స్థితే.

పుట్టిన పాపకు తల్లి ఈస్ట్రోజెన్ కొంత ఒంట్లో మిగిలి ఉంటుంది. అందుకే మొదటి రోజుల్లో తెల్లటి చిక్కటి స్రావం వస్తుంది. ఆ హార్మోను ఒక్కసారిగా తగ్గేసరికి కొందరు పాపలకు రెండు మూడు రోజులు నెత్తుటి చుక్కలు కూడా పడతాయి. మొదటి వారం పది రోజుల్లో సర్దుకుపోతే ఇది జబ్బు కాదు. యోని పెదవుల మడతల్లో పుట్టుకతో అంటుకున్న తెల్లటి వెన్నలాంటి పూతను గోకి తీయనక్కర్లేదు. దానంతటదే పోతుంది. మలం అంటితే తడిపిన దూదితో ముందునుంచి వెనక్కి ఒక్కసారి తుడిచి ఆ దూది పారేయాలి, మళ్ళీ తుడవాలంటే కొత్త దూది. ఇదే హార్మోను వల్ల ఆడ, మగ పసికందులిద్దరికీ రొమ్ములు కాస్త ఉబ్బుతాయి. స్నానం పోసేవాళ్ళు వాటిని పిండి పాలు తీయడం మన ఊళ్ళలో ఇంకా ఉంది. అలా పిండితే చీము పట్టే ప్రమాదముంది. వదిలేస్తే కొన్ని వారాల్లో తగ్గిపోతాయి.

మగపిల్లల ముందు చర్మం

ఇదే స్నానంలో జరిగే ఇంకో పొరపాటు మగబిడ్డ అంగం చివర చర్మాన్ని వెనక్కి లాగి నూనె వేయడం. "ఇప్పుడే లాగకపోతే తర్వాత రాదు" అని పెద్దవాళ్ళు చెబుతారు. శరీరనిర్మాణం చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. పుట్టినప్పుడు ఆ చర్మం లోపలివైపు, కింద ఉండే శిశ్నం మొన, రెండూ ఒకే పొరగా అతుక్కుని ఉంటాయి. ఏళ్ళ తరబడి నెమ్మదిగా విడివడతాయి. డగ్లస్ గెయిర్డ్‌నర్ 1949లో ఇంగ్లండులో లెక్క తీస్తే, పుట్టినప్పుడు పూర్తిగా వెనక్కి వచ్చేది 4 శాతం మందికే. జాకబ్ ఓస్టర్ 1968లో డెన్మార్క్ బడిపిల్లల్ని పరీక్షిస్తే, ఆరేడేళ్ళ వయసులో ఎంతోకొంత అతుకు 63 శాతం మందిలో ఉంది. అదే 16–17 ఏళ్ళకు 3 శాతానికి దిగింది. అంటే ఆరేళ్ళ పిల్లవాడికి చర్మం వెనక్కి రాకపోవడం జబ్బు కాదు.

బలవంతంగా లాగితే అతుకు చిరిగి నెత్తురు వస్తుంది. గాయం మానేటప్పుడు మచ్చకట్టి చర్మం బిగుసుకుంటుంది. సహజంగా వదులయ్యే చర్మానికి ఆపరేషన్ అవసరమయ్యే ఫైమోసిస్ (చర్మం బిగుసుకుని వెనక్కి రాకపోవడం) ఇలా కూడా పట్టవచ్చు. ఇంకో ప్రమాదం, వెనక్కి లాగిన చర్మాన్ని మళ్ళీ ముందుకు తేకపోవడం. అది మొన వెనక బిగుసుకుపోయి, మొన వాచి, నొప్పితో పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తాడు. దీన్ని పారాఫైమోసిస్ అంటారు. గంటల్లో ఆసుపత్రికి చేరాల్సిన పరిస్థితి.

చర్మం కింద తెల్లటి ముత్యాల్లాంటి గడ్డలు కనిపిస్తే చీము అనుకుని భయపడతారు. అది స్మెగ్మా, అంటే అతుకు విడిపోయేటప్పుడు రాలిన కణాలు, కాస్త జిడ్డు. ఎర్రదనం, వాపు, నొప్పి లేకపోతే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. దానంతటదే బయటికి వస్తుంది. మూత్రం పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బి తర్వాత తగ్గడం కూడా విడివడే దశలో కనిపించేదే. ధార దారంలా సన్నబడినా, ముక్కినా, జ్వరంతో మూత్రంలో మంట ఉన్నా, చర్మం చివర తెల్లగా గట్టిబడి మెరుస్తున్నా అప్పుడు చూపించాలి. నిజంగా బిగుతుగా ఉన్నా చాలామందికి వెంటనే సున్తీ అక్కర్లేదు. డాక్టరు రాసిన బీటామెథసోన్ 0.05 శాతం క్రీము రోజుకు రెండుసార్లు నాలుగు నుంచి ఎనిమిది వారాలు రాస్తే వదులవుతుంది.

కాబట్టి చిన్నపిల్లాడికి పైపైన నీళ్ళు పోస్తే చాలు. చర్మం ఇబ్బంది లేకుండా కదిలే వయసు వచ్చాక, ఎంత వస్తే అంతే వెనక్కి తీసి, నీళ్ళతో కడిగి, తుడుచుకుని, మళ్ళీ ముందుకు తెచ్చుకోమని వాడికే నేర్పాలి. చివరి మెట్టు మరిచిపోకూడదని నొక్కి చెప్పాలి.

రెండు నుంచి ఎనిమిదేళ్ళ ఆడపిల్లలు

ఈ వయసులో ఎర్రగా కందడం, మంట, డ్రాయరుకు పచ్చటి మరక చాలా మామూలు ఫిర్యాదులు. పలచటి పొర, పులుపు లేని యోని, ఇంకా ఎదగని పెదవులు, పక్కనే మలద్వారం, ఇవన్నీ కలిసి వస్తాయి. దీనికి తల్లులు ముందుగా కొనుక్కొచ్చేది ఫంగస్ క్రీము. డైపర్లు మానేసిన తర్వాత, పెద్దమనిషి కాకముందు ఫంగస్ చాలా అరుదు. అసలు కారణాలు ఎక్కువగా ఇవి:

ఒకటి, కడిగే దిశ. దొడ్డికి వెళ్ళొచ్చిన పిల్లను వంగమని వెనకనుంచి కడిగేటప్పుడు చెయ్యి తెలియకుండానే ముందునుంచి వెనక్కి కాక, కిందనుంచి ముందుకు పోతుంది. నీళ్ళు ముందువైపు నుంచి పోసి, చేతిని వెనక్కే లాగాలి. వెస్ట్రన్ కమోడ్ పక్కన వేలాడే జెట్ స్ప్రేని వెనకనుంచి కొడితే ఆ వేగానికి మలం నీళ్ళు నేరుగా ముందుకు చిమ్ముతాయి. దాన్ని ముందునుంచి, ఒత్తిడి తగ్గించి వాడాలి.

రెండు, మూత్రం లోపలికి పోవడం. పెద్దవాళ్ళ కమోడ్ మీద చిన్నపిల్ల జారిపడకుండా తొడలు దగ్గరికి బిగించి కూర్చుంటుంది. మూత్రం కొంత యోనిలోకి వెళ్ళి, లేచి నడిచిన పది నిమిషాలకు చుక్కలుగా కారుతుంది. ఉతికిన డ్రాయరు వేసిన కాసేపటికే తడుస్తోందంటే అనుమానించాల్సింది ఇదే. కాళ్ళ కింద పీట వేసి మోకాళ్ళు ఎడంగా పెట్టించినా, కమోడ్ మీద గోడవైపు తిరిగి కూర్చోబెట్టినా ఆగిపోతుంది. నేల మీద గొంతుక్కూర్చునే మన పాతకాలపు దొడ్డిలో ఈ సమస్యే ఉండదు.

మూడు, నులిపురుగులు. దురద రాత్రిపూట ఎక్కువవుతుంది. పిల్ల నిద్రపోయిన రెండు మూడు గంటలకు టార్చి వేసి మలద్వారం దగ్గర చూస్తే తెల్లటి దారపు ముక్కల్లాంటివి కదులుతూ కనిపిస్తాయి. రెండేళ్ళు దాటినవాళ్ళకు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక మోతాదు, రెండు వారాలకు మరొకటి డాక్టరు రాస్తారు. మందుకు గుడ్లు చావవు కాబట్టి రెండో మోతాదు తప్పనిసరి. ఇంటిల్లిపాదీ ఒకేసారి వేసుకోవాలి, గోళ్ళు కత్తిరించాలి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి. ఇవి వదిలేసి పిల్లకు మాత్రమే మాత్ర వేస్తే నెల తిరక్కుండా మళ్ళీ మొదలు.

నాలుగు, సబ్బు నురగ, డెట్టాల్ కలిపిన నీళ్ళు, పౌడరు, రాత్రంతా వేసుకునే బిగుతు నైలాన్ బట్టలు.

ఇంట్లో చేయదగ్గ వైద్యం తేలిక. టబ్బులో గోరువెచ్చటి మంచినీళ్ళు పోసి రోజుకు ఒకటి రెండుసార్లు పది పదిహేను నిమిషాలు కూర్చోబెట్టాలి. ఒంటికి సబ్బు, తలకు షాంపూ చివర్లో రుద్ది వెంటనే లేపాలి, ఆ నురగ నీళ్ళలో కూర్చోనివ్వకూడదు. మెత్తటి బట్టతో అద్ది ఆరబెట్టి, కందినచోట పలచగా వాజలీన్ రాయాలి. రాత్రిళ్ళు డ్రాయరు లేకుండా వదులు గౌను వేస్తే చాలు. రెండు వారాల్లో చాలామందికి తగ్గుతుంది.

తగ్గకపోయినా, దుర్వాసనతో లేదా నెత్తురుతో స్రావం వచ్చినా ఇంటి వైద్యం ఆపేయాలి. లోపల టిష్యూ ముక్క, పూస, గింజ ఇరుక్కుని ఉండవచ్చు. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకోకస్ క్రిమి ఇక్కడా చేరవచ్చు. ఎవరైనా హాని చేసి ఉండే అవకాశాన్ని కూడా డాక్టరు ఆలోచించి తీరాలి. అలాంటి అనుమానం వస్తే పిల్లను గుచ్చి గుచ్చి అడగకుండా, బట్టలు ఉతక్కుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పిల్లల సహాయవాణి 1098 నంబరుకు ఫోన్ చేయొచ్చు. చాలాసార్లు కారణం మామూలుదే ఉంటుంది. అయినా చూడకుండా ఆ మాట అనలేం.

తెల్లబట్ట, వాసన, సబ్బు

పెద్దమనిషి కావడానికి ఆరు నెలలు, ఏడాది ముందునుంచే ఈస్ట్రోజెన్ పని మొదలవుతుంది, తెల్లబట్ట కనిపిస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే అమ్మాయి ఏదో రోగం అనుకుని దాచుకుంటుంది. ఆ తర్వాత ముట్లు ఆగేదాకా రోజుకు 1 నుంచి 4 మి.లీ. దాకా స్రావం మామూలే. అండం విడుదలయ్యే రోజుల్లో, నెలసరి మధ్యలో, అది గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, వేళ్ళ మధ్య తీగలా సాగుతుంది. ఆ తర్వాత చిక్కగా, తెల్లగా మారుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. ఆరితే బట్ట మీద లేత పసుపు చారగా మిగులుతుంది. నల్ల డ్రాయర్ల మధ్యలో రంగు వెలిసినట్టు కనిపించే మచ్చ కూడా ఆ ఆమ్లం పనే, బట్ట నాసిరకం అని కాదు.

చిక్కుముడి పడేది వాసన దగ్గర. లాక్టోబాసిల్లై తగ్గి వేరే బాక్టీరియా పెరిగితే బాక్టీరియల్ వెజైనోసిస్ వస్తుంది: పలచటి బూడిదరంగు స్రావం, నీచు వాసన, పీహెచ్ 4.5 దాటడం. ఆ నీచు వాసనకు కారణమైన అమైన్లు క్షారం తగిలితే ఆవిరై ముక్కుకు తెలుస్తాయి. నెత్తురూ వీర్యమూ క్షారగుణం ఉన్నవే. అందుకే నెలసరి రోజుల్లో, కలయిక తర్వాత వాసన ఎక్కువవుతుంది. అప్పుడు మనిషి ఏం చేస్తుంది? సబ్బు తీసుకుని లోపలిదాకా రుద్దుతుంది. మామూలు సబ్బు బిళ్ళ పీహెచ్ 9–10. వాసన పోయినట్టే ఉంటుంది కానీ, మిగిలిన లాక్టోబాసిల్లై కూడా పోతాయి, నాలుగు రోజులకు వాసన మళ్ళీ వస్తుంది. మళ్ళీ సబ్బు. ఏళ్ళ తరబడి తిరుగుతున్న తెల్లబట్ట కేసుల్లో ఈ చక్రం తరచుగా కనిపిస్తుంది. డెట్టాల్ నీళ్ళు, పటిక నీళ్ళు, వేపాకు కషాయం లోపలికి కొట్టినా ఫలితం అంతే. ఇంటిమేట్ వాష్‌లలో లాక్టిక్ ఆమ్లం ఉందని రాస్తారు. పైచర్మానికి సబ్బు కంటే అవి మెరుగే, కానీ లోపలికి అక్కర్లేదు, పైన కూడా తప్పనిసరి కాదు. సువాసన ఉన్నవైతే అసలే వద్దు.

కడగాల్సింది బయటి పెదవులు, వాటి మధ్య మడతలు, గజ్జలు. రోజుకు ఒకసారి, చెమట ఎక్కువైతే రెండుసార్లు, మామూలు నీళ్ళు, వేలు లోపలికి పోకుండా. వెంట్రుకలున్న చోట, గజ్జల్లో కొంచెం సబ్బు రాసి కడిగేసుకోవచ్చు. వెంట్రుకలు తీసేయడం శుభ్రతలో భాగం కాదు. ఇబ్బందిగా ఉంటే కత్తెరతో పొట్టిగా కత్తిరించుకుంటే చాలు. గొరిగితే చీముపొక్కులు, క్రీములు రాస్తే కాలిన మచ్చలు ఎక్కువ. నెలసరిలో ప్యాడు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. కడిగాక తడి ఆరనివ్వడం కడగడంతో సమానమైన పని. లోదుస్తుల్ని ఎవరికీ కనబడకుండా తువ్వాలు కింద, బాత్రూములో ఆరేసే అలవాటు మానాలి. అవి సగం తడిగానే ఒంటి మీదికి వస్తాయి, గజ్జల్లో తామరకు అంతకంటే మంచి చోటు దొరకదు. ఆ తామరకు మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు రెండు రోజులు దురద ఆపి, తామరను రెట్టింపు చేస్తాయి.

పెరుగు విరిగినట్టు తెల్లటి ముద్దలు, భరించలేని దురద, ఎర్రదనం ఉండి వాసన లేకపోతే కాండిడా ఫంగస్. యాంటీబయాటిక్స్ వాడాక, గర్భంలో, షుగరు అదుపులో లేనప్పుడు వస్తుంది. ఏడాదిలో నాలుగుసార్లు వస్తే షుగరు పరీక్ష చేయించాల్సిందే. నురగతో పసుపుపచ్చ స్రావం ట్రైకోమోనాస్ కావచ్చు, అది కలయిక ద్వారా అంటే క్రిమి. దానికి భర్త కూడా మందు వేసుకోకపోతే తగ్గదు. చాలా ఇళ్ళలో మందు ఆగిపోయేదీ సరిగ్గా ఇక్కడే. ముట్లుడిగాక పొర పలచబడి మంట, పొడిబారడం, పదేపదే మూత్రనాళ ఇన్ఫెక్షన్ వస్తాయి. ఈస్ట్రోజెన్ క్రీము చిన్న మోతాదులో యోనిలో రాస్తే ఎంతో ఉపశమనం, కానీ అడిగేవాళ్ళే తక్కువ.

ధాతువు పోవడం

తెల్లబట్టతో పాటు వచ్చే మాటలు నీరసం, నడుమునొప్పి, "ఒంట్లో వేడి చేసింది", "ఎముకలు కరిగి పోతున్నాయి". ఎముకలు కరగవు. విక్రమ్ పటేల్ బృందం గోవాలో చేసిన, 2005లో ప్రచురించిన సర్వేలో తెల్లబట్ట ఫిర్యాదు ఇన్ఫెక్షన్ల కంటే దిగులు, ఆందోళన, ఇతర శారీరక బాధలతోనే ఎక్కువ ముడిపడి ఉంది. నీరసం నిజమే. దానికి కారణం వెతకాల్సింది స్రావంలో కాదు, హిమోగ్లోబిన్‌లో, థైరాయిడ్‌లో, నిద్రలో, ఇంటి పరిస్థితుల్లో.

మగవాళ్ళలో ఇదే భయం ధాతువు, అంటే వీర్యం, పోతోందన్న పేరుతో ఉంది. మానసిక వైద్యుడు నరేంద్రనాథ్ విగ్ 1960లో దీనికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఒక స్ఖలనంలో వీర్యం సుమారు 1.5 నుంచి 5 మి.లీ. ఎక్కువ భాగం నీరే. మాంసకృత్తులు మహా అయితే పావు గ్రాము, ఒక కోడిగుడ్డులో ఉండేది 6 గ్రాములు. నిద్రలో స్ఖలనం కుర్రవాళ్ళకు మామూలు. ఉద్రేకంలో ముందుగా వచ్చే పారదర్శకమైన జిగురు గ్రంథుల స్రావం. మూత్రం చివర తెల్లగా మడ్డిలా పోతోందని వచ్చేవాళ్ళలో చాలామందికి అది ఫాస్ఫేట్ ఉప్పు. ల్యాబులో ఆ మూత్రానికి నాలుగు చుక్కల ఎసిటిక్ ఆమ్లం కలిపితే తేటబడుతుంది, వీర్యమైతే అలా తేటబడదు. గోడల మీద గుప్తరోగాల ప్రకటనల వ్యాపారమంతా ఈ పరీక్ష ఎవరూ చేయించుకోకపోవడం మీదే నడుస్తోంది.

పట్టించుకోవాల్సింది వేరే ఉంది. మూత్రనాళం నుంచి చీము, మూత్రంలో మంట వస్తే గనోరియా, క్లామీడియా అనే సుఖవ్యాధుల్ని అనుమానించాలి. సున్తీ కాని మగవాళ్ళు రోజూ చర్మం వెనక్కి తీసి నీళ్ళతో కడగకపోతే స్మెగ్మా పేరుకుని వాపు వస్తుంది. నలభై దాటాక చర్మం చీలికలు పడి, కొత్తగా బిగుసుకుంటే ముందు షుగరు చూడాలి. షుగరుకు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపిస్తాయి. ఆ తీపి తడికి ఆడా మగా ఇద్దరికీ అక్కడ ఫంగస్ రావచ్చు. మూత్రం పోశాక నీళ్ళతో కడిగి ఆరబెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది. మాత్ర సొంతంగా ఆపకుండా డాక్టరుకు చెప్పాలి.

ఎప్పుడు, ఎక్కడికి

ముట్లుడిగాక ఒక్క చుక్క నెత్తురు కనిపించినా, నీళ్ళలాంటి దుర్వాసన స్రావం వచ్చినా, ఏ వయసులోనైనా కలయిక తర్వాత నెత్తురు వచ్చినా గర్భాశయాన్నీ ముఖద్వారాన్నీ పరీక్షించాలి. ముఖద్వార క్యాన్సర్‌కు 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళకు ఐదేళ్ళకోసారి పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. స్రావంతో పాటు జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉంటే ఆ రోజే వెళ్ళాలి. గర్భిణికి బట్ట తడిసేలా నీళ్ళు కారితే అది ఉమ్మనీరు కావచ్చు, ఆగకూడదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో ఉండే గదిలో సుఖవ్యాధుల పరీక్ష, మందులు ఉచితం. తెల్లబట్టకు అక్కడ ఇచ్చే ఆకుపచ్చ రంగు కిట్ 2లో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లుకొనజోల్ 150 మి.గ్రా. ఉంటాయి. గర్భం ఉందేమో అన్న అనుమానం ఉంటే మాత్ర మింగకముందే చెప్పాలి, వాళ్ళకు మందు వేరు. పరీక్షకు వెళ్ళే ముందు రెండు రోజులు లోపల మాత్రలు పెట్టుకోకూడదు, క్రీములు రాయకూడదు, కలయిక వద్దు. ఆ రోజు పొద్దున సబ్బుతో బాగా కడుక్కుని వెళ్ళాలనిపిస్తుంది, వద్దు. చూడాల్సిన స్రావమే మిగలదు. రోజూలాగే నీళ్ళతో స్నానం చేసి, చివరి నెలసరి తేదీ, వాడుతున్న మందుల చీటీ దగ్గర పెట్టుకుని వెళ్తే సరిపోతుంది.